మూర్ఛ చికిత్సలో రోగి మాట



ఈ వేళ మూర్ఛ వ్యాధి గురించి మాట్లాడుకుందాం. ఫిట్స్ ఎందుకొస్తాయి, వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు ఏం చేయాలి అన్న విషయాలు మీరు ఇదివరకే విని ఉంటారు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టకూడదు, నోట్లో చెంచా దూర్చకూడదు, మనిషిని మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇవి మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేరు. ఏ మందు వాడాలి, ఎన్నాళ్లు వాడాలి, ఎప్పుడు ఆపాలి, ఆపరేషన్‌కు వెళ్లాలా వద్దా? ఈ నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి? డాక్టరా, ఇంటిపెద్దా, రోగా?

నరాల వైద్యురాలిగా నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. చీటీ రాయడానికి డాక్టరుకు అయిదు నిమిషాలు చాలు. ఆ చీటీలోని మాత్రను రోజూ రెండు పూటలా, ఏళ్ల తరబడి నోట్లో వేసుకోవాలా వద్దా అన్నది ప్రతి పూటా రోగే తేల్చుకుంటాడు. మత్తుగా ఉంటోందని పొద్దుటి మాత్ర ఎగ్గొట్టే కుర్రాడున్నాడు. జుట్టు రాలుతోందని సగం విరిచి మింగే అమ్మాయి ఉంది. అత్తారింట్లో తెలిసిపోతుందని మందుల డబ్బా పుట్టింట్లోనే వదిలేసి వెళ్లిన కొత్త పెళ్లికూతురుంది. వీళ్లందరూ తీసుకున్నవి వైద్య నిర్ణయాలే. ఎవరికీ చెప్పకుండా, తెలియవలసినవి తెలియకుండా, ఒంటరిగా తీసుకున్నారు. కాబట్టి వైద్యంలో రోగికి చోటు ఇవ్వాలా అని అడగడంలో అర్థం లేదు. ఆ చోటు ఎప్పుడూ ఉంది. మనం ఆలోచించాల్సిందల్లా ఆ మనిషి అన్నీ తెలిసి, డాక్టరుతో చెప్పుకుని నిర్ణయించుకునేలా చేయడం ఎలా అని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. జబ్బును సరిగ్గా గుర్తించి, సరైన మందు ఇస్తే వారిలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ఇది చాలా పెద్ద ఆశ. అయితే ఈ జబ్బుకు ఒక చిక్కుంది. బీపీని డాక్టరు కొలిచి చూడగలడు. షుగర్ సంగతి రక్తపరీక్ష చెబుతుంది. ఫిట్‌ను మాత్రం డాక్టరు కళ్లారా చూడటం అరుదు. అది ఇంట్లోనో, బస్సులోనో, పొలం గట్టునో వస్తుంది. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మెదడు తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష తీసిన రోజున అంతా మామూలుగానే ఉండొచ్చు. ఎంఆర్‌ఐలో ఏమీ కనబడకపోవచ్చు. ఏ రకం మూర్ఛో తేలేది ప్రధానంగా రోగి చెప్పే మాటతో, చూసినవాళ్లు చెప్పే మాటతో.

ఓపీలో మేం తరచూ చూసే ఒక సందర్భం చెబుతాను. ఇంటర్మీడియట్ చదివే ఆడపిల్ల. హాస్టల్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. వెంట అమ్మ, నాన్న, మేనమామ వచ్చారు. ఏమైందని నేను అమ్మాయిని అడిగితే అమ్మ జవాబు చెబుతుంది. "తెల్లారుజామున వచ్చిందండీ. రాత్రి పన్నెండు దాకా చదివి మళ్లీ నాలుగింటికే లేచిందట." నాన్న రిపోర్టుల కవరు బల్ల మీద పెడతారు. "తగ్గిపోతుంది కదా మేడం? రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల" అంటారు మేనమామ. అమ్మాయి చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ తలొంచుకుని కూర్చుంటుంది.

అప్పుడు కుర్చీ కాస్త ఆమె వైపు తిప్పి, "నువ్వు చెప్పమ్మా. పొద్దున లేచాక ఎప్పుడైనా ఉలిక్కిపడ్డట్టు చేతులు అదురుతాయా?" అని అడిగి, ఇంకేమీ మాట్లాడకుండా ఆగాలి. ఆగితే మాట బయటికొస్తుంది. "బ్రష్ జారిపోతుంది మేడం. స్నానం చేస్తుంటే మగ్గు చేతిలోంచి ఎగిరి పడుతుంది. నిద్ర లేని రోజైతే ఎక్కువ." అమ్మ తెల్లబోతుంది. "ఒళ్లు దగ్గర పెట్టుకోదండీ, ఇంట్లో కాఫీ గ్లాసులన్నీ పడేస్తుందని నేను తిడుతూ ఉంటాను."

ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారిపోతుంది. ఇది యౌవనంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛ. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. నిద్ర చాలకపోతే రెచ్చిపోతుంది. వేరే రకాల మూర్ఛకు బాగా పనిచేసే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు ఇందులో ఆ అదుర్లను పెంచగలవు. మగ్గు సంగతి ఎవరూ అడగకపోతే, ఆ పిల్ల చెప్పుకోకపోతే, మంచి మందే ఆమె పాలిట చెడ్డ మందు అవుతుంది. రోగి మాట వినడాన్ని మర్యాద కిందో, దయ కిందో లెక్కవేస్తాం మనం. ఈ జబ్బులో అది రోగనిర్ధారణలో భాగం.

ఇక మందు ఎంపిక. ఈ రకం మూర్ఛకు అన్నింటికన్నా బాగా పనిచేసే మందు వాల్‌ప్రోయేట్. 2021లో వెలువడిన సనాడ్-2 అనే పెద్ద బ్రిటిష్ పరిశోధన కూడా, ఇలా మెదడంతటికీ సంబంధించిన మూర్ఛల్లో వాల్‌ప్రోయేట్‌దే పైచేయి అని తేల్చింది. కానీ మన ఎదురుగా కూర్చున్నది ఆడపిల్ల. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఈ మందు వాడితే, ప్రతి పదిమంది బిడ్డల్లో సుమారు ఒకరికి పుట్టుకతోనే అవయవ లోపం రావచ్చు. పదిమందిలో ముగ్గురు నలుగురికి నడక, మాట ఆలస్యం కావడం, చదువులో వెనకబడటం వంటి ఎదుగుదల సమస్యలు రావచ్చు. డోసు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది.

ఈ సంగతి తల్లులకు చెప్పకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో తేలింది. అక్కడ ఈ మందు 1970లలో వాడుకలోకి వచ్చింది. కడుపులో ఉండగా దాని ప్రభావానికి లోనైన పిల్లల తల్లులు జానెట్ విలియమ్స్, ఎమ్మా మర్ఫీ కలిసి 2012లో ఒక సంస్థ పెట్టి పోరాడారు. తమకు ముందే చెప్పి ఉంటే తామే ఆలోచించుకునేవాళ్లం కదా అన్నది వాళ్ల ఆవేదన. 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ, గర్భం రాకుండా తగిన ఏర్పాటు ఉంటే తప్ప పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు వాల్‌ప్రోయేట్ రాయకూడదని నిబంధన పెట్టింది. ప్రభుత్వం కోరగా జూలియా కంబర్లెజ్ నడిపిన విచారణ నివేదిక 2020 జూలైలో వచ్చింది. ఏళ్ల తరబడి రోగులు మొత్తుకుంటున్నా వైద్య వ్యవస్థ వినలేదని అది చెప్పింది.

శ్రోతల్లో ఈ మందు వాడుతున్న అమ్మాయిలు ఉండవచ్చు. వారికి ఒక విన్నపం. ఈ మాట విని భయపడి ఈ రాత్రి మాత్ర మానేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నెల తప్పాక కంగారుపడి మానేయడమూ ప్రమాదమే. పెళ్లి మాటలు మొదలైనప్పుడే, బిడ్డ కావాలనుకోకముందే డాక్టరుతో మాట్లాడండి. మందు మార్చడానికి, డోసు సర్దడానికి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడానికి వ్యవధి ఉంటుంది. కొన్ని మూర్ఛ మందులు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి, అదీ అడిగి తెలుసుకోండి. మూర్ఛ ఉన్న తల్లుల్లో అత్యధికులకు ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, నిజం.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. లెవిటిరసెటమ్ వాడొచ్చు. దానితో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. లామోట్రిజిన్ వాడొచ్చు. వారాల తరబడి కొంచెం కొంచెంగా డోసు పెంచుకుంటూ పోవాలి, తొందరపడితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు, కొందరిలో పొద్దుటి అదుర్లు పెరగనూవచ్చు. ఈ రెండూ పనిచేయకపోతే, అన్నీ తెలిసిన మీదట, తగిన జాగ్రత్తలతో వాల్‌ప్రోయేట్. ఏది మెదడులో ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. పరీక్షల ముందు కోపం, దిగులు తను తట్టుకోగలదో లేదో, మందు కుదురుకునే దాకా ఇన్ని వారాలు ఆగగలదో లేదో నాకు తెలియదు. అది ఆమెకే తెలుసు. నా దగ్గరున్నది సగం సమాచారం. మిగతా సగం ఆ కుర్చీలో ఉంది.

మూర్ఛ మందులన్నింటిదీ ఇదే తీరు. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు ఉబ్బవచ్చు. ఫినోబార్బిటాల్ చవక, కానీ మత్తు. టోపిరమేట్‌తో నోటిదాకా వచ్చిన మాట తట్టకుండా పోవచ్చు. ఆ ఇబ్బంది ఒకరికి లెక్కలోకి రాదు, బడిలో పాఠం చెప్పే పంతులమ్మకు బతుకు సమస్య. డబ్బు కూడా నిర్ణయంలో భాగమే. నెలకు ఇంత ఖర్చవుతుందని ముందే చెబితే, "అంత పెట్టలేం మేడం" అని వాళ్లూ అనగలుగుతారు. అప్పుడు వాళ్లు నిజంగా కొనగలిగే మందు వెతుకుతాం. అలా అడగకపోతే రెండు నెలలు కొని మూడో నెల మానేస్తారు.

ఒక్కసారే ఫిట్ వచ్చినవారు, "ఇప్పటినుంచే మందు వేసుకోవాలా?" అని అడుగుతారు. 2005లో ప్రచురించిన మెస్ అనే పరిశోధన ఈ సంగతే చూసింది. వెంటనే మందు మొదలుపెట్టినవారిలో మొదటి ఒకటి రెండేళ్లలో ఫిట్స్ తగ్గాయి. కానీ మూడో ఏడు నుంచి అయిదో ఏడు దాకా చూస్తే రెండు వర్గాలూ సమానమే. వెంటనే మొదలుపెట్టినవారిలో 76 శాతం, ఆగి చూసినవారిలో 77 శాతం ఫిట్స్ లేకుండా ఉన్నారు. ఈఈజీ, స్కానింగ్ బాగుండి, మళ్లీ వచ్చే ముప్పు తక్కువైతే ఆగి చూడటం కూడా సరైన వైద్యమే. ఇంట్లో నలుగురి మధ్య ఉండే మనిషి ఆగి చూద్దామనవచ్చు. నాలుగో అంతస్తు సారువ మీద నిలబడి పనిచేసే తాపీ మేస్త్రీ, "ఇంకోటి వస్తే కింద పడతానండీ, ఇప్పుడే ఇవ్వండి" అనవచ్చు. ఇద్దరి మాటా సరైనదే.

మందు ఆపే సంగతీ అంతే. కనీసం రెండేళ్లుగా ఫిట్స్ లేనివారు 1,013 మందిని తీసుకుని బ్రిటన్‌లో చేసిన పరిశోధన 1991లో వెలువడింది. సగంమంది మందు కొనసాగించారు, సగంమంది మెల్లమెల్లగా మానేశారు. మరో రెండేళ్ల తర్వాత చూస్తే, కొనసాగించినవారిలో 78 శాతం, మానేసినవారిలో 59 శాతం ఫిట్స్ లేకుండా ఉన్నారు. అంటే మానేసిన వందమందిలో 59 మందికి ఏమీ కాలేదు, 41 మందికి మళ్లీ వచ్చాయి. వాడుతూ ఉన్నా 22 మందికి వచ్చాయి. ఈ అంకెల్లో మంచి, చెడు రెండూ ఉన్నాయి. వీటిని చూసి "మానేద్దాం" అనేవారుంటారు, "వద్దు, వాడతాను" అనేవారూ ఉంటారు. మూర్ఛ రకాన్ని బట్టి కూడా మారుతుంది. మనం చెప్పుకున్న అమ్మాయికి ఉన్న రకంలో మానేస్తే తిరిగి రావడం చాలా ఎక్కువ. ఇవన్నీ రోగి చెవిన వేయడం డాక్టరు బాధ్యత. బేరీజు వేసుకోవడం రోగి హక్కు.

సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు, తగిన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, మూడోది నాలుగోది మారుస్తూ ఏళ్లు గడపడం కన్నా ఆపరేషన్ పనికొస్తుందేమో చూపించుకోవాలి. ఇది చాలామందికి చెప్పనే చెప్పరు. కణత లోపలి భాగం నుంచి పుట్టే మూర్ఛ మీద కెనడాలో 80 మందితో చేసిన పరిశోధన 2001లో వచ్చింది. ఏడాది తర్వాత, ఆపరేషన్‌కు కేటాయించినవారిలో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగాయి. మందుల మీదే ఉన్నవారిలో 8 శాతం మందికే ఆగాయి. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తోంది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు. అయితే ఎడమ వైపు చేసినప్పుడు కొందరికి పేర్లు, మాటలు గుర్తుపెట్టుకునే శక్తి తగ్గుతుంది. వందలాది పద్యాలు కంఠతా పెట్టి పాఠం చెప్పే తెలుగు మాస్టారికి ఆ నష్టం ఎంతటిదో సర్జన్ ఊహించలేడు. ఆయననే అడగాలి.

ఇక కుటుంబం. మన ఇళ్లలో రోగి వెంట నలుగురు వస్తారు. అది మన బలం. ఫిట్ వచ్చినప్పుడు పట్టుకునేది వాళ్లే, మందులు కొనేది వాళ్లే. కానీ అండగా నిలబడటం వేరు, ఆ మనిషి తరఫున ఒప్పేసుకోవడం వేరు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. మూర్ఛ కేసు కాదది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు, తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తీసేశారు. మేజరైన మనిషి, ప్రాణాపాయమేమీ లేదు, మెలకువ వచ్చే దాకా ఆగి అడగవచ్చు, కాబట్టి తల్లి అంగీకారం చెల్లదని కోర్టు అంది. చికిత్స ఏమిటి, దాని వల్ల వచ్చే ముఖ్యమైన ముప్పులేమిటి, వేరే దారులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పాలని కూడా అంది.

పెళ్లి విషయంలో ఈ మాట మరీ ముఖ్యం. హిందూ వివాహ చట్టం ఒకప్పుడు మూర్ఛను పెళ్లికి అడ్డంకుల్లో చేర్చింది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టం మారినా మన భయం మారలేదు. సంబంధం చెడిపోతుందని అమ్మాయి జబ్బును దాస్తారు. దాస్తే మందూ దాయాలి. మందు దాస్తే పూటలు తప్పుతాయి. పెళ్లి పనుల నిద్రలేమి, తప్పిపోయిన మాత్రలు, రెండూ కలిసి కొత్త ఇంట్లో తొలి రోజుల్లోనే ఫిట్ తెస్తాయి. దాచాలన్న నిర్ణయం ఎవరిది? తొంభై పాళ్లు ఆ అమ్మాయిది కాదు. అనుభవించేది మాత్రం ఆమె.

"ఇవన్నీ మాకెందుకు డాక్టరమ్మా, మీరే చెప్పండి, మీరు ఏదంటే అది" అనేవారు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. నిర్ణయాన్ని డాక్టరుకు వదిలేయడం కూడా రోగి ఎంచుకోదగ్గ దారే. కాకపోతే దారులేమిటో విన్న తర్వాత వదిలేయాలి. వినకముందే వదిలేస్తే, రేపు జుట్టు రాలిన రోజున మాత్రనూ వదిలేస్తారు. ఇంకో మాట. ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, మధ్యలో స్పృహ రాకుండా మళ్లీ మళ్లీ వస్తున్నా, అది చర్చించే వేళ కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. చర్చించుకునేందుకు మిగతా రోజులన్నీ ఉన్నాయి.

రోగులు ఓపీకి వచ్చేముందు చేయగలిగింది ఒకటుంది. గోడకున్న క్యాలెండరు మీద గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క రాసుకుంటాం కదా. అక్కడే ఫిట్ వచ్చిన రోజున ఒక గుర్తు పెట్టండి. పగలా రాత్రా, మాత్ర తప్పిందా, నిద్ర తక్కువైందా, ఆడవాళ్లైతే నెలసరి దగ్గర్లో వచ్చిందా రాయండి. పక్కనున్నవాళ్లు ఫోన్లో ఒక నిమిషం వీడియో తీయగలిగితే మరీ మంచిది. ఆ కాగితం, ఆ వీడియో చూపిస్తే డాక్టరుకు చాలా పని తప్పుతుంది. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. నాది ఏ రకం మూర్ఛ? ఈ మందుతో నాకు ఏ ఇబ్బందులు రావచ్చు? దీనికి బదులు ఇంకేమున్నాయి? ఎన్నాళ్లు వాడాలి, ఆపాలంటే ఎలా ఆపాలి? మీరు తప్పించిన పూటలు, మానేసిన మాత్రలు దాచకండి. ఆ సంగతి తెలియక మేం డోసు పెంచేస్తాం.

నా తోటి డాక్టర్లకు కూడా మనవి. ఓపీలో ఎంత రద్దీ ఉంటుందో నాకు తెలుసు. బయట వంద మంది నిలబడి ఉంటే ఒక్కొక్కరితో అరగంట మాట్లాడలేం. కానీ మొదటి ప్రశ్న రోగినే అడగడానికి, జవాబు వచ్చే దాకా ఆగడానికి అరగంట అక్కర్లేదు. ఆడపిల్లతో కాసేపు నర్సు ఒక్కరినే ఉంచి విడిగా మాట్లాడవచ్చు. మందు ఎలా వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రెండు ముక్కలు రాయవచ్చు. "ఏం అర్థమైందో ఒకసారి నాకు చెప్పు" అని అడగవచ్చు. మూర్ఛ ఒక్కదానికే కాదు, ఏళ్ల తరబడి వెంట నడిచే నరాల జబ్బులన్నింటికీ ఇది వర్తిస్తుంది. పార్కిన్సన్స్ రోగికి లీవోడోపా డోసు పెంచితే బిగుతు తగ్గుతుంది, కొన్నాళ్లకు ఒళ్లు తనకు తానే మెలికలు తిరగడం మొదలుకావచ్చు. బిగుసుకుపోవడం భరించగలడా, మెలికలు భరించగలడా అన్నది ఏ స్కానూ చెప్పదు.

శ్రోతలారా, మీ ఇంట్లో ఇలాంటి జబ్బుతో ఉన్నవారెవరైనా ఉంటే, ఈసారి ఆసుపత్రికి బయల్దేరే ముందు వారినే ఒక మాట అడగండి. "ఈ మందుతో నీకు ఎలా ఉంది? డాక్టరుగారికి ఏం చెప్పాలనుకుంటున్నావు?" అక్కడికి వెళ్లాక ఆ మాట వారే చెప్పేలా పక్కన కూర్చోండి. తడబడితే అందించండి, ముందే అందుకోకండి. తను కూర్చుని, తెలుసుకుని, ఒప్పుకుని తెచ్చుకున్న మందును మనిషి మానేయడానికి వందసార్లు ఆలోచిస్తాడు. ఇబ్బంది వస్తే డాక్టరు దగ్గరికి తిరిగొస్తాడు. మూర్ఛ చికిత్సలో గెలుపు చాలావరకు అలా తిరిగి రావడం మీదే ఆధారపడి ఉంది.